చార్లెస్ లిండ్‌బర్గ్

చార్లెస్ అగస్టస్ లిండ్‌బర్గ్ (ఫిబ్రవరి 4, 1902 - ఆగష్టు 26, 1974) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ వైమానికుడు, రచయిత. 1927 మే 20, 21 తేదీలలో న్యూయార్క్ నుండి పారిస్ వరకు ఎక్కడా దిగకుండా, ఒంటరిగా విమానం నడిపి అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటిన మొట్టమొదటి వ్యక్తి ఇతడే. లోకం ఇతనిని ప్రధానంగా సాహసిగా గుర్తుంచుకొన్నది. ఆ సాహసం వెనుక ఇంజను స్వభావాన్ని గమనిస్తూ, పెట్రోలు ఖర్చును గంట గంటకూ లెక్క కట్టుకొనే అలవాటు ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1944లో, పసిఫిక్ యుద్ధరంగంలోని యువ పైలట్లకు ఇంధన మిశ్రమాన్ని, ఇంజను శక్తిని సరిదిద్దుకొని తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే పద్ధతిని ఇతడు స్వయంగా నడిపి చూపించాడు. ఇతని రాజకీయ అభిప్రాయాలు మాత్రం తీవ్ర విమర్శకు గురి అయ్యాయి.

బాల్యం, విద్యాభ్యాసం

లిండ్‌బర్గ్ మిచిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్ నగరంలో జన్మించాడు. బాల్యం ఎక్కువగా మిన్నెసోటా రాష్ట్రంలోని లిటిల్ ఫాల్స్ పట్టణం వద్ద, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న తమ వ్యవసాయ క్షేత్రంలో గడిచింది. తండ్రి చార్లెస్ ఆగస్ట్ లిండ్‌బర్గ్ న్యాయవాది. ఆయన 1907 నుండి 1917 వరకు అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడుగా ఉన్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా పాల్గొనడాన్ని ఆయన వ్యతిరేకించాడు. తల్లి ఇవాంజెలిన్ రసాయనశాస్త్ర ఉపాధ్యాయురాలు. మాతామహుడు డెట్రాయిట్‌లో పేరుపొందిన దంతవైద్యుడు.

చదువుకంటె యంత్రాలపైనే ఇతనికి మక్కువ ఎక్కువ. పదకొండు సంవత్సరాల వయసుకే కారు నడపడం నేర్చుకొన్నాడు. 1916లో, 14 ఏళ్ల వయసులో, తల్లిని కారులో ఎక్కించుకొని మిన్నెసోటా నుండి కాలిఫోర్నియా వరకు తానే నడుపుకొంటూ వెళ్ళాడు. మొదటి ప్రపంచయుద్ధపు చివరి రోజులలో కుటుంబ క్షేత్రంలో ట్రాక్టరు, ఇతర వ్యవసాయ యంత్రాల బాధ్యత ఇతనిదే. యంత్రం చేసే శబ్దంలో మార్పును విని లోపాన్ని పోల్చుకొనే నేర్పు ఈ రోజులలోనే అలవడింది.

1920లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువులో చేరాడు. కాని తరగతి గదిలో మనసు నిలువలేదు. 1922లో చదువు మధ్యలోనే విడిచిపెట్టి, నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరంలో ఒక విమాన కంపెనీ నడిపే శిక్షణాలయంలో చేరాడు. అదే సంవత్సరం ఏప్రిల్ 9న మొదటిసారి ప్రయాణికుడుగా విమానం ఎక్కాడు.

వైమానిక వృత్తిలో ప్రవేశం

ఆ కాలంలో అమెరికాలో విమానాలు ఊరూరా తిరిగి ప్రదర్శనలు ఇచ్చేవి. పొలాలలో దిగి, కొద్ది డాలర్లు తీసుకొని జనాన్ని విమానంలో తిప్పేవారు. లిండ్‌బర్గ్ అటువంటి బృందాలలో మెకానిక్కుగా, రెక్కలపై నడిచే సాహసికుడుగా, పారాచూట్‌తో దూకేవాడుగా పనిచేశాడు. 1923లో జార్జియా రాష్ట్రంలోని అమెరికస్‌లో సైన్యం అమ్మివేస్తున్న కర్టిస్ జెన్నీ విమానాన్ని 500 డాలర్లకు కొన్నాడు. దాని ఇంజను శక్తి 90 అశ్వశక్తి మాత్రమే. అప్పటివరకు ఇతడు ఒంటరిగా విమానం నడిపి ఎరుగడు. సొంత విమానంలోనే ఆ అనుభవం పొందాడు.

1924లో సైనిక వైమానిక విభాగంలో చేరి టెక్సాస్‌లో శిక్షణ పొందాడు. మొదట 104 మంది ఉన్న ఆ తరగతిలో చివరకు మిగిలినవారు 18 మంది. 1925 మార్చిలో లిండ్‌బర్గ్ ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యాడు. అదే నెలలో ఆకాశంలో మరొక విమానం ఢీకొనగా పారాచూట్ సహాయంతో ప్రాణాలు దక్కించుకొన్నాడు.

తపాలా విమానాలు

1926 ఏప్రిల్ 15న సెయింట్ లూయిస్, షికాగో నగరాల మధ్య విమాన తపాలా సర్వీసు ప్రారంభమైంది. రాబర్ట్‌సన్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్పొరేషన్ అనే సంస్థ తరఫున లిండ్‌బర్గ్ దీనికి ముఖ్య పైలట్‌గా నియమితుడయ్యాడు. యుద్ధకాలం నాటి పాత డి హావిలాండ్ విమానాలలో, దీపాలు సరిగా లేని మైదానాలలో, రాత్రివేళ తపాలా మోయవలసి వచ్చేది.

1926 సెప్టెంబర్ 16 రాత్రి జరిగిన సంఘటన పెట్రోలు లెక్క విషయంలో ఇతనికి గట్టి పాఠం చెప్పింది. షికాగో ప్రాంతమంతా పొగమంచు కమ్మి దిగడానికి వీలు చిక్కలేదు. ఇతడు ఊహించినదానికంటె ముందుగానే పెట్రోలు అయిపోయి ఇంజను ఆగింది. 110 గ్యాలన్ల ప్రధాన టాంకుకు కారుతుండటంవల్ల దానిని తీసివేసి 85 గ్యాలన్ల టాంకు అమర్చిన సంగతి ఇతనికి ఎవరూ చెప్పలేదు. చివరకు పారాచూట్‌తో దూకాడు. పైలట్ లేని విమానం ముక్కు వంచి కిందికి జారినప్పుడు, టాంకు అడుగున మిగిలిన కొద్దిపాటి పెట్రోలు కార్బ్యురేటర్‌లోకి చేరి ఇంజను తిరిగి అందుకొన్నది. ఆ విమానం చుట్లు తిరుగుతూ, గాలిలో వేలాడుతున్న ఇతని వైపే పలుమార్లు వచ్చింది. నవంబర్ 3న ప్రతికూల వాతావరణంలో పెట్రోలు అడుగంటి మరొకసారి ఇదే విధంగా దూకవలసి వచ్చింది.

స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్

న్యూయార్క్‌లో హోటలు యజమాని అయిన రేమండ్ ఓర్టేగ్ 1919లో ఒక బహుమతి ప్రకటించాడు. న్యూయార్క్, పారిస్ నగరాల మధ్య ఎక్కడా ఆగకుండా ప్రయాణించిన మొదటి విమానానికి 25,000 డాలర్లు ఇస్తారు. అదే సంవత్సరం ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు బ్రిటిష్ వైమానికులు న్యూఫౌండ్‌లాండ్ నుండి ఐర్లాండ్ వరకు ఎగిరి సముద్రాన్ని దాటారు. కాని న్యూయార్క్, పారిస్ మధ్య దూరం దానికి దాదాపు రెట్టింపు. 1926, 1927 సంవత్సరాలలో ఈ బహుమతికోసం పోటీపడినవారిలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. వారి విమానాలు చాలావరకు రెండు, మూడు ఇంజనులతో, ఇద్దరు లేక అంతకంటె ఎక్కువమంది సిబ్బందితో కూడుకొన్నవి.

లిండ్‌బర్గ్ ఆలోచన వేరు. ఒకే ఇంజను, ఒకే మనిషి, మిగిలిన బరువంతా పెట్రోలు. సెయింట్ లూయిస్ నగర వ్యాపారుల ఆర్థిక సహాయంతో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో ఉన్న ర్యాన్ కంపెనీకి విమానం పని అప్పగించాడు. డోనాల్డ్ హాల్ అనే ఇంజనీరు రూపకల్పనలో దాదాపు 60 రోజులలో విమానం తయారైంది. దీనికి రైట్ కంపెనీవారి వర్ల్‌విండ్ జె-5సి ఇంజను అమర్చారు. తొమ్మిది సిలిండర్లు కలిగి, గాలితో చల్లబడే ఈ ఇంజను శక్తి 223 అశ్వశక్తి.

విమానంలో ఐదు టాంకులు ఉన్నాయి. వాటిలో ప్రధానమైనది పైలట్ ముందుభాగంలోనే ఉండటంవల్ల ఎదురుగా చూడటానికి కిటికీ లేదు. ముందుకు చూడాలంటే పక్కకు వంగాలి, లేదా చిన్న పెరిస్కోప్‌లో చూడాలి. బరువు తగ్గించడానికి రేడియోను, పారాచూట్‌ను వదులుకొన్నాడు. టాంకులలో పెట్రోలు ఎంత ఉన్నదో చూపే మీటర్లు కూడా పెట్టుకోలేదు. గడియారం, ఇంజను వేగాన్ని చూపే మీటరు, తన లెక్క, ఈ మూడింటినే నమ్ముకొన్నాడు.

విమానం బరువు తగ్గేకొద్దీ దానిని గాలిలో నిలపడానికి కావలసిన శక్తి తగ్గుతుంది. కావున బయలుదేరినప్పటి వేగాన్నే చివరివరకు కొనసాగిస్తే పెట్రోలు వృథా అవుతుంది. ఏ బరువువద్ద ఏ వేగం లాభసాటియో సూచించే రేఖాపటాలను హాల్ తయారుచేశాడు. పరీక్షా ప్రయాణాలలో లిండ్‌బర్గ్ వేర్వేరు ఇంజను వేగాలవద్ద ఎంత పెట్రోలు ఖర్చవుతున్నదో కొలిచి ఆ లెక్కలతో పోల్చి చూశాడు. విమానం సుమారు 4,000 మైళ్లు పోగలదని తేలింది.

1927 మే 10న శాన్ డియాగో నుండి తూర్పునకు బయలుదేరాడు. ఆ రాత్రి పర్వతాల మీద చలిలో ఇంజను తడబడింది. కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఆవిరి అయ్యేటప్పుడు గాలి మరింత చల్లబడి, అందులోని తేమ మంచుగా గడ్డకడుతుంది. ఆ మంచు గాలిదారిని మూసివేస్తే మిశ్రమం చెడి శక్తి పడిపోతుంది. న్యూయార్క్ చేరిన తరువాత కార్బ్యురేటర్‌కు వేడిగాలి అందించే ఏర్పాటు చేయించాడు. అట్లాంటిక్ మీద ఇదే జరిగితే దిగడానికి నేల ఉండదు.

అట్లాంటిక్ ప్రయాణం

1927 మే 20 ఉదయం 7 గంటల 52 నిమిషాలకు న్యూయార్క్ సమీపంలోని రూజ్‌వెల్ట్ మైదానం నుండి లిండ్‌బర్గ్ బయలుదేరాడు. ముందురోజు రాత్రి ఇతనికి నిద్ర లేదు. వర్షానికి మైదానం బురదగా ఉంది. తేమగాలివల్ల ఇంజను వేగం నిమిషానికి 30 చుట్లు తక్కువగా చూపించింది. 451 గ్యాలన్ల (సుమారు 1,700 లీటర్ల) పెట్రోలుతో విమానం బరువు 2,380 కిలోలకు చేరింది. మైదానం చివర ఉన్న టెలిఫోను తీగలను సుమారు 20 అడుగుల ఎత్తులో దాటి పైకి లేచింది.

ప్రయాణంలో విమానం తేలిక అయ్యేకొద్దీ థ్రాటిల్ తగ్గిస్తూ, మిశ్రమాన్ని పలుచన చేస్తూ వచ్చాడు. టాంకులను వంతులవారీగా మారుస్తూ, ఒక్కొక్క దానినుండి ఎంతసేపు వాడినదీ ఎదురుగా ఉన్న మీటర్ల పలకపై పెన్సిలుతో గీతలు గీసి గుర్తు పెట్టుకొన్నాడు. రాత్రి మేఘాలలో రెక్కలపై మంచు పేరుకోగా వెనుకకు మళ్ళి తప్పించుకొన్నాడు. నిద్రలేమితో భ్రమలు కలిగాయి. అలసట వల్ల ప్రయాణపు చిట్టా వ్రాయడం మానివేశాడు. పెట్రోలు గీతలను మాత్రం మానలేదు.

ఐర్లాండ్ తీరాన్ని అనుకొన్న సమయంకంటె ముందుగానే చేరాడు. మే 21 రాత్రి పది గంటలు దాటిన తరువాత పారిస్ సమీపంలోని లె బూర్జే విమానాశ్రయంలో దిగాడు. 33 గంటల 30 నిమిషాలలో సుమారు 3,610 మైళ్లు (5,800 కిలోమీటర్లు) ప్రయాణించాడు. లక్షకు పైగా జనం ఎదురుచూస్తున్నారు. దిగేసరికి టాంకులలో ఇంకా 85 గ్యాలన్ల పెట్రోలు మిగిలి ఉన్నది. అనగా గంటకు సగటున 11 గ్యాలన్లు మాత్రమే ఖర్చయింది. మరొక ఏడు గంటలకు పైగా ఎగరడానికి చాలినంత పెట్రోలు మిగులులో ఉంచుకొని ఇతడు గమ్యం చేరాడు.

కీర్తి, వివాహం, విషాదం

25 ఏళ్ల ఈ యువకుడు ఒక్క రాత్రిలో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. అమెరికా ప్రభుత్వం మెడల్ ఆఫ్ ఆనర్ ప్రదానం చేసింది. టైమ్ పత్రిక ఏటా ప్రకటించే విశిష్ట వ్యక్తులలో మొదటివాడు లిండ్‌బర్గ్. ఆ సంవత్సరమే అమెరికాలోని మొత్తం 48 రాష్ట్రాలను తన విమానంలో పర్యటించాడు.

1929 మే 27న ఆన్ మారోను వివాహమాడాడు. ఆమె విమానం నడపడం, రేడియో సందేశాలు పంపడం నేర్చుకొని భర్తతో సుదూర యాత్రలు చేసింది. 1931లో ఉత్తరదిశగా కెనడా, అలాస్కాల మీదుగా జపాన్, చైనాలకు, 1933లో అట్లాంటిక్ చుట్టూ వీరు చేసిన యాత్రలు రాబోయే విమాన మార్గాలకు సర్వేలు. ఈ యాత్రల గురించి ఆమె వ్రాసిన పుస్తకాలు ప్రసిద్ధమైనవి. 1937లో ఈ దంపతులు ఇంగ్లాండు నుండి మైల్స్ మోహాక్ అనే చిన్న విమానంలో భారతదేశానికి వచ్చి కలకత్తా వరకు పర్యటించారు.

1932 మార్చి 1న వీరి 20 నెలల కుమారుడు ఇంటినుండి అపహరింపబడ్డాడు. మే 12న బాలుని మృతదేహం లభించింది. ఈ కేసులో నేరస్థుడుగా నిర్ణయింపబడిన బ్రూనో హాప్ట్‌మన్‌కు 1936లో మరణశిక్ష అమలు జరిగింది. ఈ దుర్ఘటన ఫలితంగా అమెరికాలో అపహరణ నేరంపై కేంద్ర చట్టం వచ్చింది. పత్రికలవారి వేధింపు భరించలేక 1935 డిసెంబరులో కుటుంబం ఇంగ్లాండుకు తరలిపోయింది.

ఇదే దశకంలో లిండ్‌బర్గ్ ఫ్రెంచి శస్త్రవైద్యుడు అలెక్సిస్ కారెల్‌తో కలిసి, శరీరం వెలుపల అవయవాలను సజీవంగా ఉంచే గాజు పంపును రూపొందించాడు. రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్ పరిశోధనలకు ఆర్థిక సహాయం లభించేటట్లు చేశాడు.

రాజకీయ వివాదాలు

1936, 1938 సంవత్సరాల మధ్య లిండ్‌బర్గ్ పలుమార్లు జర్మనీ వెళ్ళి అక్కడి వైమానిక బలాన్ని పరిశీలించాడు. 1938 అక్టోబరులో హెర్మన్ గోరింగ్ చేతులమీదుగా నాజీ ప్రభుత్వ పతకాన్ని స్వీకరించాడు. తరువాత దానిని తిరిగి ఇవ్వకపోవడం విమర్శకు కారణమైంది.

1939లో స్వదేశానికి వచ్చి, యూరప్ యుద్ధంలో అమెరికా చేరరాదని ప్రచారం చేసిన అమెరికా ఫస్ట్ కమిటీకి ముఖ్య వక్తగా మారాడు. 1941 సెప్టెంబర్ 11న డెమాయిన్ నగరంలో ప్రసంగిస్తూ దేశాన్ని యుద్ధంలోకి నెట్టుతున్నవారు బ్రిటిషువారు, యూదులు, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం అని ఆరోపించాడు. యూదు వ్యతిరేకతతో కూడిన ఈ ప్రసంగాన్ని అన్ని వర్గాలవారు ఖండించారు. అనేక ఊళ్ళలో ఇతని పేరుతో ఉన్న వీధుల, కట్టడాల పేర్లు మార్చారు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఇతడు సైన్యంలోని కల్నల్ హోదాకు రాజీనామా చేసి ఉన్నాడు. పెర్ల్ హార్బర్‌పై దాడి జరిగిన తరువాత తిరిగి సైన్యంలో చేరగోరగా ప్రభుత్వం నిరాకరించింది.

యుద్ధకాలపు సేవ

సైనిక హోదా దక్కకపోవడంతో లిండ్‌బర్గ్ విమాన పరిశ్రమలో సలహాదారుగా చేరాడు. ఫోర్డ్ కంపెనీ విల్లో రన్ కర్మాగారంలో బి-24 బాంబరు తయారీకి సహాయపడ్డాడు. ఎత్తైన ప్రదేశాలలో ప్రాణవాయువు కొరతవల్ల పైలట్లకు కలిగే ప్రమాదంపై తన శరీరంమీదనే పరీక్షలు చేయించుకొన్నాడు. 1944 ఏప్రిల్‌లో యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ సాంకేతిక ప్రతినిధిగా దక్షిణ పసిఫిక్ యుద్ధరంగానికి వెళ్ళాడు.

జూన్ 26న న్యూగినీ దీవిలోని హోలాండియా స్థావరంలో (నేటి ఇండోనేషియాలోని జయపుర) ఉన్న 475వ ఫైటర్ గ్రూపును చేరాడు. దాని అధిపతి కల్నల్ చార్లెస్ మెక్‌డొనాల్డ్. వీరు నడిపేవి రెండు అల్లిసన్ ఇంజనులు గల పి-38 లైట్‌నింగ్ విమానాలు. శత్రు స్థావరాలు వందల మైళ్ల సముద్రానికి ఆవల ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో పెట్రోలు అయిపోతే కింద ఉన్నది సముద్రమో, అడవియో. పోరాటంలో తప్పించుకొన్నవారు కూడా తిరుగుదారిలో ఇంధనం చాలక ప్రమాదంలో పడే అవకాశం ఉండేది.

మిశ్రమం, ఇంజను శక్తి

లిండ్‌బర్గ్ చూపిన పద్ధతి అర్థం కావడానికి ఇంజను పనితీరు కొంత తెలియాలి. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువు లెక్కన సుమారు 15 పాళ్ల గాలి కావాలి. గాలి 12 లేక 13 పాళ్లు ఉన్నప్పుడు ఇంజను గరిష్ఠ శక్తినిస్తుంది. ఇది చిక్కని మిశ్రమం. గాలి 16 పాళ్లకు చేరితే శక్తి కొంత తగ్గినా, ప్రతి గ్యాలను పెట్రోలుకు లభించే పని పెరుగుతుంది. ఇది పలుచని మిశ్రమం. చిక్కని మిశ్రమంలోని అదనపు పెట్రోలు సిలిండర్లను చల్లగా ఉంచడానికి తోడ్పడుతుంది. కావున పూర్తిశక్తితో పైకి లేచేటప్పుడు అది అవసరం. నిలకడగా ప్రయాణించేటప్పుడు అది వృథా ఖర్చు. పైగా విమానం ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలుచబడుతుంది. పెట్రోలు పాలు తగ్గించకపోతే మిశ్రమం తనంతట తానే మరీ చిక్కబడుతుంది.

ఇక ఇంజను శక్తిని రెండు అంశాలు నిర్ణయిస్తాయి. మొదటిది సిలిండర్లలోకి ప్రవేశించే మిశ్రమపు పీడనం. దీనిని మానిఫోల్డ్ పీడనం అంటారు, పాదరసపు అంగుళాలలో కొలుస్తారు. రెండవది ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు. రెక్కల కోణం మారే ప్రొపెల్లర్ ఉన్న విమానంలో ఈ రెండింటినీ వేర్వేరుగా మార్చవచ్చు. అంటే ఒకే శక్తిని ఎక్కువ చుట్లు, తక్కువ పీడనంతోనూ పొందవచ్చు, తక్కువ చుట్లు, ఎక్కువ పీడనంతోనూ పొందవచ్చు. రెండవ విధానంలో రాపిడికి పోయే శక్తి తక్కువ. సమతలమైన రోడ్డుపై టాప్ గేరులో నెమ్మదిగా తిరిగే ఇంజనుతో పోయే లారీకి ఇంధనం కలిసివచ్చినట్లే ఇదీ.

పి-38 పైలట్లు సాధారణంగా నిమిషానికి 2,200 నుండి 2,400 చుట్ల వేగంతో, చిక్కని మిశ్రమంతో ప్రయాణించేవారు. లిండ్‌బర్గ్ చుట్లను 1,600కు తగ్గించి, మిశ్రమాన్ని పలుచని స్థానంలో ఉంచి, మానిఫోల్డ్ పీడనాన్ని 32 అంగుళాలకు పెంచాడు. అప్పుడు రెండు ఇంజనులకు కలిపి గంటకు సుమారు 70 గ్యాలన్లు సరిపోయేది. మీటరుపై వేగం గంటకు 185 మైళ్లు చూపేది.

ఒకే దాడినుండి తిరిగివచ్చిన విమానాలలో లిండ్‌బర్గ్ టాంకులలో అందరికంటె ఎక్కువ పెట్రోలు మిగిలి ఉండటం మెకానిక్కుల కంట పడింది. మెక్‌డొనాల్డ్ కోరికపై ఇతడు పైలట్లను సమావేశపరచి తన పద్ధతిని వివరించాడు. వారు వెంటనే నమ్మలేదు. తక్కువ వేగంలో స్పార్క్ ప్లగ్గులు మసిపట్టి ఇంజను తడబడుతుందనీ, పలుచని మిశ్రమం వేడికి వాల్వులు కాలిపోతాయనీ, అధిక పీడనంవల్ల సిలిండర్లలో మిశ్రమం ఒక్కసారిగా పేలి పిస్టన్లు దెబ్బతింటాయనీ వారి భయం. ఇంజను పాడైతే ప్రాణం పోయేది వారిదే కనుక ఆ భయాన్ని తేలికగా తీసివేయడానికి వీలులేదు. లిండ్‌బర్గ్ వారితోపాటే ఎగిరి, అవే సముద్రాల మీదుగా పోయి, అదే అమరికతో తిరిగి వచ్చేవాడు. ఇంజనులను పరిశీలించిన మెకానిక్కులకు హాని కనిపించలేదు. క్రమంగా గ్రూపు అంతటా ఈ పద్ధతి అలవాటైంది.

అంతవరకు ఆరున్నర నుండి ఎనిమిది గంటలవరకు సాగే యాత్రలు పది గంటలకు పెరిగాయి. పి-38 పోరాట పరిధిని 700 మైళ్లకు పెంచవచ్చునని లిండ్‌బర్గ్ జనరల్ మెకార్థర్‌కు వివరించగా, ఆయన ఈ శిక్షణను ఇతర దళాలకు కూడా ఇవ్వడానికి ప్రోత్సహించాడు. ఆగష్టు 1న మెక్‌డొనాల్డ్‌తో కలిసి పలావు దీవులవరకు పోయిన యాత్రలో జపాన్ విమానం ఒకటి వెంబడించగా, సహచరుల సహాయంతో తృటిలో బయటపడ్డాడు. అంతకుముందు జూలై 28న సేరమ్ దీవి వద్ద ఒక జపాన్ విమానాన్ని కూల్చాడు. పౌరుడుగానే ఉంటూ ఇతడు మొత్తం 50 యుద్ధయాత్రలలో పాల్గొన్నాడు.

ఈ సూత్రాన్ని లిండ్‌బర్గ్ కనుగొన్నాడనడం సరికాదు. ఇంజను తయారీదారులకు ఇది ముందే తెలుసు. 1941లో ఫార్మోసా నుండి ఫిలిప్పీన్స్‌పై దాడి చేయడానికి జపాన్ నౌకాదళ పైలట్లు కూడా తక్కువ చుట్లు, పలుచని మిశ్రమంతోనే తమ జీరో విమానాల పరిధిని పెంచుకొన్నారు. పుస్తకాలలో ఉన్న విషయాన్ని, దానిమీద ప్రాణాలు ఆధారపడినవారు నమ్మేటట్లు చేయడమే లిండ్‌బర్గ్ చేసిన పని.

నేటి చిన్న విమానాలలో

రెక్కల కోణం మారని ప్రొపెల్లర్ గల చిన్న శిక్షణ విమానంలో పైలట్ చేతిలో ముఖ్యంగా రెండే ఉంటాయి. ఒకటి థ్రాటిల్, రెండవది ఎర్రని పిడి గల మిశ్రమ నియంత్రణ. ప్రయాణపు ఎత్తుకు చేరిన తరువాత ఎర్ర పిడిని నెమ్మదిగా వెనుకకు లాగుతారు. మిశ్రమం పలుచబడేకొద్దీ పొగగొట్టపు వాయువుల ఉష్ణోగ్రత మొదట పెరిగి, ఒక శిఖరాన్ని చేరి, తరువాత తగ్గుతుంది. ఈ శిఖరాన్ని ఆధారం చేసుకొని తయారీదారు సూచించిన స్థానంలో నిలుపుతారు. మీటరు లేని విమానంలో ఇంజను గరగరలాడేవరకు పలుచన చేసి, సాఫీగా తిరిగేటంతవరకు కొద్దిగా చిక్కబరుస్తారు. సాధారణంగా ఇంజను పూర్తిశక్తిలో 75 శాతం లేదా అంతకు తక్కువ వాడుతున్నప్పుడే ఈ పని చేస్తారు.

మానిఫోల్డ్ పీడనపు అంగుళాలు, ఇంజను చుట్లను 100తో భాగించగా వచ్చే సంఖ్యను మించరాదనే నియమం పైలట్లలో చాలాకాలం ప్రచారంలో ఉండేది. లిండ్‌బర్గ్ వాడిన 32 అంగుళాలు, 1,600 చుట్లు ఆ నియమానికి సరిగ్గా రెట్టింపు. అంతమాత్రాన ఏ ఇంజనుకైనా ఇదే అమరిక తగునని భావించరాదు. పి-38 ఇంజనులు అధిక పీడనానికి తట్టుకొనేటట్లు, అధిక ఆక్టేన్ పెట్రోలుతో నడిచేటట్లు రూపొందినవి. ప్రతి ఇంజనుకూ దాని తయారీదారు ప్రకటించిన హద్దులే ప్రమాణం. శక్తి పెంచవలసినప్పుడు మొదట మిశ్రమం చిక్కబరచి, తరువాత చుట్లు పెంచి, చివరకు థ్రాటిల్ తెరుస్తారు. తగ్గించవలసినప్పుడు థ్రాటిల్‌తో మొదలుపెడతారు. ఈ వరుస తప్పితే సిలిండర్లపై అధిక ఒత్తిడి పడుతుంది.

యుద్ధానంతర జీవితం

1945లో లిండ్‌బర్గ్ జర్మనీకి వెళ్ళి, ఖైదీలతో రాకెట్లు తయారు చేయించిన డోరా నిర్బంధ శిబిరాన్ని చూశాడు. పసిఫిక్‌లో తోటి అమెరికన్ సైనికులు జపాన్‌వారిపట్ల ప్రవర్తించిన క్రూరత్వాన్ని కూడా తన దినచర్యలో నమోదు చేశాడు. ఈ దినచర్య 1970లో పుస్తకరూపంలో వెలువడింది.

అట్లాంటిక్ ప్రయాణం గురించి వ్రాసిన ది స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ 1953లో ప్రచురితమైంది. దీనికి 1954లో పులిట్జర్ బహుమతి లభించింది. అదే సంవత్సరం అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఇతనికి వైమానిక దళ రిజర్వులో బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చాడు. తరువాతి కాలంలో పాన్ అమెరికన్ విమాన సంస్థకు సలహాదారుగా ఉంటూనే, తిమింగలాలు, ఫిలిప్పీన్స్‌లోని అరుదైన జంతువులు, పక్షుల సంరక్షణకోసం కృషి చేశాడు.

లిండ్‌బర్గ్, ఆన్ దంపతులకు ఆరుగురు సంతానం. ఇవికాక జర్మనీలో ఇతనికి రహస్య కుటుంబ సంబంధాలు ఉండేవని మరణానంతరం బయటపడింది. 2003లో జరిపిన డి.ఎన్.ఎ. పరీక్షలు దీనిని ధ్రువపరచాయి.

మరణం

లింఫోమా అనే కాన్సర్ వ్యాధి సోకి, ఇక ఆశ లేదని తెలిసిన తరువాత లిండ్‌బర్గ్ న్యూయార్క్ ఆసుపత్రి వదలి హవాయి దీవులలోని మావికి చేరుకొన్నాడు. అక్కడ 1974 ఆగష్టు 26న, 72 ఏళ్ల వయసులో మరణించాడు. కిపహులు గ్రామంలోని చిన్న చర్చి ఆవరణలో సమాధి చేశారు.

స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ విమానం వాషింగ్టన్ నగరంలోని జాతీయ వైమానిక, అంతరిక్ష ప్రదర్శనశాలలో ఉన్నది.